ఐరిష్ ఇంటిపేరు మూలాలు: ముందు తేలవలసింది ఊరు

మీ అల్లుడి ఇంటిపేరు స్మిత్ అయినా వారి పెద్దలు తాము ఐరిష్ వారమని చెబుతారని, ఆ మాట నిజమో కాదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. మా వియ్యంకుడి ఇంటిపేరూ అదే. బాస్టన్‌లో మా అమ్మాయి దగ్గరున్న ఒక చలికాలమంతా ఆయనతో కూర్చుని ఈ పనే చేశాను.

చూడటానికి ఇంగ్లీషు పేరే గాని, ఐర్లండ్‌లోని కావన్ కౌంటీ (మన జిల్లా వంటిది) స్మిత్‌లలో చాలామంది అసలు పేరు ‘మక్ గవన్’, అంటే కమ్మరి కొడుకు. కొందరు దాన్ని విన్నట్టుగా మెక్‌గోవన్ అని రాసుకోగా, మరికొందరు అర్థాన్ని తర్జుమా చేసుకుని స్మిత్‌లయ్యారు. మన ఇంటిపేర్లలో తరచుగా ఊరు దాగి ఉంటుంది. ఐర్లండ్ సొంత భాష గేలిక్ పేర్లలో ఎక్కువగా ఉండేది ఒక పూర్వీకుడు. ‘మక్’ అంటే కొడుకు, ‘ఓ’ అంటే మనవడు లేదా వంశీకుడు. అందుకే పేరునుబట్టి ఊరు పట్టే మన అలవాటు అక్కడ పనిచేయదు. మా వియ్యంకుడు అంతకుముందే ఒక దుకాణంలో ‘స్మిత్ వంశచిహ్నం’ కొని గోడకు తగిలించారు. అటువంటి చిహ్నాలు వ్యక్తులకు ఇచ్చేవే తప్ప ఇంటిపేరు గల అందరివీ కావని తెలిశాక కూడా దించలేదు, అది వేరే సంగతి.

కావలసింది ‘టౌన్‌ల్యాండ్’ పేరు. మన రెవెన్యూ గ్రామం కన్నా చిన్నదైన ఈ విభాగాలు ఐర్లండ్‌లో 60 వేలకు పైగా ఉన్నాయి. మాకు అది ఆయన తాతగారు 1909లో అమెరికాలో దిగిన ఓడ ప్రయాణికుల జాబితాలో, స్వదేశంలోని దగ్గరి బంధువు చిరునామా గడిలో దొరికింది.

అక్కడినుంచి 1901, 1911 జనాభా లెక్కల పత్రాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో చూశాం. తాతగారి తండ్రి వయసు మొదటిదానిలో 55, రెండోదానిలో 70! పదేళ్లలో పదిహేనేళ్లు పెరగడానికి కారణం పింఛను కావచ్చు: 1909 జనవరి నుంచి 70 ఏళ్లు నిండిన పేదవారికి దాన్ని ఇవ్వసాగారు. జనన నమోదు అందరికీ మొదలైనదే 1864లో కనుక, అంతకుముందు పుట్టినవారి వయసుకు ప్రభుత్వం దగ్గర జనన పత్రం లేదు. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా అందుబాటులో ఉంచిన కాథలిక్ చర్చి రిజిస్టర్లలో ఆయన బాప్తిస్మం 1844లో కనిపించింది. అంటే 1911లో ఆయనకు నిజంగా 67 ఏళ్లు.

ఇంకా వెనక్కి వెళ్లడం కష్టం. 1922లో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడి, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. వాటి లోటును కొంత తీర్చేది గ్రిఫిత్ అనే అధికారి ఆధ్వర్యంలో పన్ను కోసం భూమి విలువ కట్టిన జాబితా (1847–1864); అయితే అందులో ఉండేవి భూమి, ఇల్లు అనుభవించేవారి, వాటిని కౌలుకిచ్చినవారి పేర్లే, భార్యాబిడ్డలవి కావు. టౌన్‌ల్యాండ్ తెలియకుండా దాన్ని తెరిస్తే కావన్‌లోని స్మిత్‌ల మధ్య తప్పిపోతారు.

మీ అల్లుడి పెద్దలు 1907కి ముందే వలస వెళ్లి ఉంటే ఓడ జాబితాలో ఆ బంధువు చిరునామా దొరకదు. అప్పుడు అమెరికాలో వారి పెళ్లి జరిగిన చర్చి రిజిస్టరును, సమాధి రాళ్లను చూడండి. మా వియ్యంకుడి నాయనమ్మ పుట్టిన ఊరు మాకు అలా ఒక రాతి మీదే, సగం నాచు పట్టిన అక్షరాల్లో కనిపించింది.