ఫోలిక్ యాసిడ్ ఆపొద్దు.. మోతాదు మాత్రం చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 29. మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. ఇప్పుడు ఆరో నెల. శాకాహారిని. పోయిన వారం గ్లూకోజ్ తాగించి పరీక్ష చేస్తే రెండు గంటలకు షుగర్ 156 వచ్చింది. గర్భం రాకముందు నుంచీ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నాను, నాలుగో నెల నుంచి ఐరన్ మాత్ర కూడా. ఫోలిక్ యాసిడ్ వల్ల మాయలో జన్యువులు మారిపోతాయని ఒక వీడియోలో చెప్పారు. ఆపేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అంతట మీరు ఏదీ ఆపకండి. వీడియోలో చెప్పింది సగం నిజం, ఆ సగంతోనే భయపెట్టారు. ఏ విటమిన్ వల్లా జన్యువులు మారిపోవు. వాటి మీద మీథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చేరుతుంటాయి. పుస్తకంలో అక్షరాలు అలాగే ఉంచి, కొన్ని పేజీలకు క్లిప్పు పెట్టినట్టన్నమాట. ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో కొంతవరకు వీటిని బట్టే ఉంటుంది. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. ఆ గుర్తుల తయారీకి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ ఈ విటమిన్‌కు మాత్ర రూపం) కావాలి, కాబట్టి అది శత్రువు కాదు.

అయితే ఫోలేట్ ఒక్కటే ఉంటే సరిపోదు, విటమిన్ బి12 తోడు కావాలి. బి12 తక్కువైతే ఫోలేట్ కణంలోనే చిక్కుకుపోయి పనికిరాకుండా పోతుంది. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది వీడియో సంగతి కాదు, ‘శాకాహారిని’ అన్న మాట. మొక్కల ఆహారంలో బి12 దాదాపు ఉండదు. పుణెలో తల్లీబిడ్డలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, గర్భంలో ఫోలేట్ ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ల వయసుకు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత బయటపడదు, నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. అందుకే ముందు బి12 పరీక్ష చేయించుకోండి. పాలు, పెరుగు రోజూ తీసుకోండి. తక్కువని తేలితే మాత్రో ఇంజెక్షనో తప్పదు.

ఇక మోతాదు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన దాదాపు 28 రోజులకే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ అసలు అవసరం అప్పుడే. అందరికీ చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు. ముందు కాన్పులో బిడ్డకు వెన్ను లోపం వచ్చినవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, గర్భానికి ముందే షుగర్ ఉన్నవారికి 5 మిల్లీగ్రాములు రాస్తాం, అదీ సాధారణంగా 12 వారాల వరకే. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలోనే 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మీకు 5 మిల్లీగ్రాములు ఇంకా ఎందుకో మీ డాక్టర్‌ను అడగండి. ఐరన్ మాత్ర మాత్రం కొనసాగించండి, కాఫీతో వేసుకోకండి.

మాయ గురించి అంత ఆలోచిస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, దానికి మీ షుగర్ ముఖ్యం. తల్లి గ్లూకోజ్ స్థాయిని బట్టి మాయలో లెప్టిన్ (ఆకలిని అదుపు చేసే హార్మోన్) జన్యువు మీది మీథైల్ గుర్తులు మారుతున్నట్లు పరిశోధనల్లో కనిపించింది. అది బిడ్డను ఎంతవరకు ప్రభావితం చేస్తుందో ఇంకా తేలలేదు. దీనికోసం జన్యు పరీక్షలంటూ డబ్బు పోయకండి, మీ చికిత్స వాటితో మారదు.

75 గ్రాముల గ్లూకోజ్‌తో చేసే ఈ పరీక్షను దేశంలో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ వి. శేషయ్య మీ చెన్నైవారే. అందులో రెండు గంటలకు 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భధారణ మధుమేహమే. పొద్దున నాలుగు ఇడ్లీలు ఒకేసారి కాకుండా రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, నడుమ గుప్పెడు ఉడికించిన పెసలు తీసుకోండి. కాఫీలో చక్కెర మానండి. తిన్నాక ఓ పావుగంట నడవండి. రెండు వారాల తర్వాత కూడా తిన్న రెండు గంటలకు 120 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర లేదా ఇన్సులిన్ మొదలుపెడతారు. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గుతుంది, అందుకే బి12 పరీక్ష కాగితం అప్పుడు చేతిలో ఉంటే మేలు. పాదాల్లో తిమ్మిర్లు బి12 లోపానికి గుర్తు కావచ్చు, ఉంటే ఆ సంగతీ చెప్పండి.