ఆ పాటలు ముందు మీ వీధిలో వినిపించాలి

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం, మీ అవ్వ పాటల నోటుపుస్తకం రెండూ అందాయి. చెన్నై చింతాద్రిపేటలో పుట్టి, బడిలో తెలుగు అక్షరం ముట్టే వీల్లేక, పెద్దయ్యాక పక్కింటాయన దగ్గర గుణింతాలు దిద్దుకుని ఇంత రాశావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. "వీటిని మంచి తెలుగులోకి మార్చి పుస్తకం వేయాలి, ఎలాగో చెప్పండి" అని అడిగావు. మార్చొద్దమ్మా. పుస్తకం సంగతి కూడా తర్వాత చూద్దాం. ముందు ఆ పాటలు మీ వీధిలోనే మళ్ళీ వినిపించాలి.

ఎందుకంటావా? పాతవాటిని సేకరించడంలో మన చెన్నైకి పెద్ద పేరే ఉంది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ దొర కోసం ఊళ్ళ చరిత్రలు రాబట్టారు. బ్రౌన్ వేమన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చువేయించాడు. వాళ్ళ శ్రమ లేకపోతే మనం ఎంతో పోగొట్టుకునేవాళ్ళం. తాటాకుల్ని, కైఫీయతులనే ఆ ఊళ్ళ చరిత్రల్ని కాపాడటానికి ఇక్కడే ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. కానీ పాటను బీరువాలో పెడితే చాలదు. పాడే నోరు, వినే చెవి, పాడాల్సిన సందర్భం మూడూ ఉండాలి. ఈ మూడూ ఉండేది మీ వీధిలో.

పైగా తమిళనాడులో మన సంగతి వేరు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది, ఆ వరుసలో చదివిన మొదటి పిల్లలు 2016లో పదో తరగతి పరీక్ష రాశారు. తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో తప్పేమీ లేదు. కానీ తెలుగు చదవడం రాకుండానే పెరిగిన పిల్లలు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ చేతిలో తెలుగు పుస్తకం పెట్టి ఏం లాభం? వాళ్ళకు తెలుగు అందేది చెవి ద్వారానే.

తిరువళ్ళూరు దగ్గర ఒక పల్లెలో నేను చూసింది చెబుతాను. పాట రికార్డు చేద్దామని కుర్రవాళ్ళు ఒక పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఫోను పెట్టారు. రెండు చరణాలు పాడి, "గుర్తు రావట్లేదు నాయనా" అని ఆగిపోయింది. కోడలికి ఏం తోచిందో, మూలనున్న రోకలి తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ లేచి నిలబడి, చీర కొంగు నడుముకు దోపుకుని, దంపడం మొదలుపెట్టింది. రోకలి దిగినప్పుడల్లా "సువ్వి", పైకి లేచినప్పుడు ఊపిరి. మర్చిపోయానన్న చరణాలన్నీ వరసగా వచ్చేశాయి. రోలు దగ్గర కూర్చున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అడక్కుండానే గొంతు కలిపారు. ఆ పాట ఆవిడ ఒక్కదానిదే కాదని అప్పుడు అందరికీ తెలిసింది.

నువ్వు రాసేటప్పుడు ఆ రోకలిని కూడా రాయాలి. ఎక్కడ ఊపిరి పీల్చింది, ఏ చరణం దగ్గర నవ్వింది, ఎవరు అందుకున్నారు, అన్నీ కావాలి. మీ అవ్వ మాటల్లో తమిళం కలిసి ఉంటే కలిసే ఉండనీ. అది మూడు నాలుగు తరాలు ఈ ఊళ్ళో బతికిన తెలుగు, దాన్ని కడిగి తెల్లగా చేసే హక్కు మనకెవరికీ లేదు.

మేలట్టూరు పేరు వినే ఉంటావు. తంజావూరు వైపు పల్లె. అక్కడ ఏటా నరసింహ జయంతికి మేలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు ఆడతారు. వేషం కట్టేది ఆ ఊరి కుటుంబాల మగవాళ్ళే, ఆడ వేషాలూ వాళ్ళవే. ఇళ్ళల్లో తమిళం మాట్లాడుకుంటారు, రంగం మీద దరువులనే తెలుగు నాటక పాటలు పాడతారు. ఉద్యోగాల కోసం వేరే ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు సెలవు పెట్టుకుని వచ్చి వేషం కడతారు. వాళ్ళకది దేవుడి సేవ, ఇంటి బాధ్యత. చిత్తూరు, తిరుత్తణి వైపు భారతం ఉత్సవాలు కూడా అంతే. ఊరంతా చందాలు వేసుకుని, పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడిపించి, చివరికి దుర్యోధనుడి మట్టి బొమ్మ దగ్గర ముగిస్తారు. ఏ ఉత్సవమైనా ఊళ్ళో దాన్ని తమదనుకునేవాళ్ళు ఉన్నంతకాలం నిలబడుతుంది. యునెస్కో 2003లో చేసి, మన దేశం 2005లో ఆమోదించిన ఒప్పందంలోనూ ఈ మాటే ఉంది: ఏది తమ వారసత్వమో గుర్తించాల్సింది ఆ సమాజమే.

కాబట్టి నెలకోసారి మీ మిద్దె మీద పేరంటం పెట్టించు. పెద్దవాళ్ళు పాడనీ, పిల్లలు అందుకోనీ. పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ లిపిలో రాసివ్వడానికి సంకోచించకు. ఆ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కనుక పక్కన ఆడియో కూడా ఉండాలి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, మొదట్లోనే తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేరు చెప్పించు. పేరు వేయొద్దంటే వేయకు. శోకాలు, అమ్మవారి పాటలు బయటికి ఇవ్వబోమని కొందరంటారు. ఎందుకని వాదించొద్దు, ఫోను జేబులో పెట్టేయ్. రేపు పుస్తకం వచ్చి డబ్బులొస్తే ఎవరికెంతో ఇప్పుడే అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడు. డబ్బు మాట తర్వాత అనుకుంటే మనసులు విరిగిపోతాయి.

నీ పేరు ముఖచిత్రం మీద ఉండాలనే కోరిక తప్పు కాదు. రాసేవాళ్ళందరికీ ఉంటుంది. కాకపోతే నీ పేరు కంటే ముందు పాడినవాళ్ళ పేర్లు రావాలి.

ఇంకొక్కటి. ఊర్మిళాదేవి నిద్ర పాట నీ నోటుపుస్తకంలో సగంలో ఆగింది. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడొచ్చి మంచం మీద కూర్చుంటే, ఊర్మిళ మేలుకుని పరాయి మగాడనుకుని భయపడే చోటు అది. ఆ పైన మీ అవ్వ ఎలా పాడుతుందో అడుగు. పక్కింటి ఆడవాళ్ళకు వేరేగా వచ్చి ఉంటే అదీ రాయి, రెండూ కలిపి ఒకటి చేయకు. ఎవరు ఏది పాడారో విడివిడిగా రాసి వచ్చే ఉత్తరంలో పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి