మబ్బు పట్టిన శరత్తులో చూడదగినది ఏముంది?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే రుతువు గురించి అడిగాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చి సమాధానమిస్తున్నాం.

ప్రశ్న: మేము చలి ప్రాంతంలో ఉంటున్నాం. ఆకులు రంగు మారుతున్న రోజుల్లో ఎండ కాసినంత కాలం చెట్లను ఎంత చూసినా తనివి తీరలేదు. తరువాత మబ్బు కమ్మింది. ఆకాశం, దారి, చెట్ల మానులు అన్నీ ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి. బయటికి వెళ్లి ప్రకృతిని చూడమని అందరూ చెబుతున్నారు. వెళ్తున్నాను, చూస్తున్నాను, ఏమీ కనిపించడం లేదు. లోపం నా చూపులో ఉందంటారా?

సమాధానం: మీ చూపుకు ఏ లోపమూ లేదు. ఎండ రోజుల్లో ఎక్కడ వెతకడం అలవాటైందో అక్కడే అది ఇంకా వెతుకుతోంది. ఎండ కాసినప్పుడు చూడవలసినదంతా దూరాన, పెద్ద కొలతలో ఉంటుంది: ఒక కొండవాలు, ఒక చెరువు గట్టు, వరుసగా నిలిచిన చెట్లు. మబ్బు కమ్మగానే ఆ దూరం మూసుకుపోతుంది, చూడదగినది చేతికందే దగ్గరకు వస్తుంది. అందువల్ల ఇంత దూరం నడవాలని నియమం పెట్టుకోకుండా, తక్కువ నడిచి ఎక్కువసార్లు ఆగడం మేలు.

ముందుగా వెలుతురు సంగతి. మబ్బు అంటే చీకటి అనుకుంటాం గాని, లెక్క చూస్తే అలా లేదు. నడినెత్తిన ఎండ కాసే వేళ నేల మీద పడే వెలుతురు దాదాపు 1,00,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, మబ్బు పట్టిన పగటివేళ అది సాధారణంగా 1,000 నుంచి 10,000 లక్స్ వరకు ఉంటుంది. దీపాలు వెలిగించిన ఇంటి గదిలో 500 లక్స్ దాటడమే అరుదు. కిటికీలోంచి చూసి దిగులుపడే ఆ పగలు, మీరు కూర్చున్న గదికన్నా దాదాపు ఎప్పుడూ వెలుగుగానే ఉంటుందన్నమాట. పైగా ఆ వెలుతురు ఒక దిక్కునుంచి కాక ఆకాశమంతటినుంచీ దిగుతుంది కాబట్టి నీడలు దాదాపుగా ఉండవు. ఎండలో చెట్టు మాను సగం మెరిసి, సగం నల్లబడి కనిపిస్తుంది. మబ్బులో బెరడు పగుళ్ల లోపలి భాగం సైతం కంటికి అందుతుంది. ఆకులను, పువ్వులను దగ్గరనుంచి ఫొటో తీసేవారు మబ్బు కోసం ఎదురుచూసేది ఇందుకే.

ఇక తడి. ఎండిన ఆకు పైభాగం గరుకుగా ఉండి, తన మీద పడిన వెలుతురులో కొంత భాగాన్ని తెల్లగానే చెదరగొడుతుంది. ఆ తెలుపు కలిసి అసలు రంగు పలుచబడుతుంది. పలచని నీటి పొర ఆ గరుకును కప్పగానే వెలుతురు ఆకు లోపలికి దిగి, అక్కడి రంగుతో తిరిగి వస్తుంది. గులకరాయిని నీళ్లలో ముంచితే దాని రంగు తేలినట్టే ఇదీ. దారి మీద రాలిపడిన మేపుల్ ఆకును ఎండలో ఒకసారి, ముసురులో ఒకసారి చూస్తే, రెండోసారి ఎరుపు ఎక్కువ చిక్కగా ఉండటం ఎవరికైనా తెలుస్తుంది.

ఇన్నిటిలోనూ మేము మొదట చూడమని చెప్పేది నాచును. ఒక చిన్న భూతద్దం వెంట తీసుకెళ్లి, రాతి గోడ మీదనో చెట్టు మొదట్లోనో ఉన్న నాచు దగ్గర వంగి చూడండి. దానికి నిజమైన వేళ్లు లేవు. చాలా జాతుల్లో ఆకు మందం ఒకే ఒక కణం కాబట్టి నీటిని ఆ ఆకులతోనే నేరుగా పీల్చుకుంటుంది. తేమ లేనప్పుడు ఆకులను మెలితిప్పుకుని గోధుమ రంగుకు తిరిగిన నాచు, వాన తగిలిన కొన్ని నిమిషాల్లోనే విచ్చుకుని పచ్చబడుతుంది. పెద్ద చెట్లు పని ముగించుకునే నెలలే దానికి పని కాలం. బెరడు మీద మచ్చలుగా పరచుకునే లైకెన్లదీ ఇంచుమించు ఇదే తీరు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే ఆ జీవిలో, పైపొర తడవగానే కొంత పారదర్శకమవుతుంది. లోపలి శైవలం పచ్చదనం అప్పుడు పైకి కనిపిస్తుంది. నిన్న బూడిద రంగులో ఉన్న మచ్చ ఇవాళ ఆకుపచ్చగా ఉండటానికి కారణం అదే. పొద మీది సాలెగూళ్లు కూడా ముందునుంచీ అక్కడే ఉన్నా, పొగమంచు బిందువులు వాటి దారాల మీద నిలిచిన ఉదయాన గాని మన కంట పడవు.

చివరగా, ఆకాశం ఒకే బూడిద రంగు అన్నారు గాని, బూడిద రంగులోనూ రకాలున్నాయి. మేఘాలకు నేటికీ వాడుతున్న పేర్లలో ముఖ్యమైనవాటిని 1802లో లండన్‌లో వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవార్డ్ ప్రతిపాదించాడు. పరచుకున్న మబ్బును ఆయన స్ట్రాటస్ అన్నాడు. తక్కువ ఎత్తులో తేలుతూ తుంపర మాత్రమే రాల్చేది ఇదే. నల్లగా దట్టంగా కమ్మి గంటల తరబడి వాన కురిపించేదాన్ని ఇప్పుడు నింబోస్ట్రాటస్ అంటున్నారు. సూర్యుడు గరుకు గాజు వెనక ఉన్నట్టు మసకగా కనిపిస్తే అది ఆల్టోస్ట్రాటస్. మూడింటినీ గుర్తుపట్టడం మొదలుపెట్టాక ఆకాశం రోజుకొక తీరుగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఆకులన్నీ రాలిన చెట్టును చూస్తే చచ్చిపోయిన చెట్టును చూస్తున్నట్టే ఉంటుంది. అందులో అందం వెతకడం నటన కాదా?

సమాధానం: కొమ్మను దగ్గరగా చూడకపోతే నటనే అవుతుంది. ఆకు రాలడమన్నది చెట్టు తనంతట తాను చేసే పని. రాత్రులు పెరిగి చలి మొదలయ్యాక అది పత్రహరితాన్ని విడగొట్టి, నత్రజని వంటి పోషకాలను కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటుంది. ఆకులో ముందునుంచీ ఉన్న కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు అప్పుడు పసుపుగా బయటపడతాయి. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు మాత్రం చాలావరకు ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతాయి. తొడిమ మొదట్లో ప్రత్యేకమైన కణాల పొర ఏర్పడి ఆకును విడదీస్తుంది, కొమ్మ మీది గాయం బెండువంటి పొరతో మూసుకుంటుంది.

ఆ గుర్తును చూడండి. హార్స్ చెస్ట్‌నట్ కొమ్మ మీద అది గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. అందులో మేకులు కొట్టినట్టు వరుసగా కనిపించే చుక్కలు, ఆకుకు నీటినీ ఆహారాన్నీ మోసిన నాళాల తెగిన కొసలు. ఆ గుర్తుకు సరిగ్గా పైన మొగ్గ ఉంటుంది. అది వసంతం కోసం అప్పటికప్పుడు పుట్టినది కాదు, పాత ఆకు ఇంకా పచ్చగా ఉన్న వేసవిలోనే తయారై, పొలుసులు కప్పుకుని కూర్చున్నది. హార్స్ చెస్ట్‌నట్ మొగ్గ లావుగా, ముట్టుకుంటే జిగురుగా ఉంటుంది. బీచ్ చెట్టు మొగ్గ సన్నగా, పొడవుగా, కొన తేలి ఉంటుంది. ఆకు లేకుండానే చెట్టును పేరుపెట్టి పిలవగలగడం ఈ కాలంలోనే నేర్చుకోగలిగిన విద్య.

ప్రశ్న: ఈ రోజుల్లో తోటలో, అడవి దారిలో ఒక వాసన వస్తుంది. అది కుళ్లిన ఆకుల వాసనేనా?

సమాధానం: కొంతవరకు అంతే, కాని మట్టివాసన అని మనం గుర్తుపట్టేదానికి ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి, మన ముక్కు దాన్ని అత్యల్ప మోతాదులోనే పసిగడుతుంది. ఆకుల పొరను ఒక పుల్లతో కాస్త తిరగేస్తే తెల్లని శిలీంధ్ర దారాలు కనిపిస్తాయి. నేల మీద లేచిన పుట్టగొడుగులు ఆ దారాలు వేసిన ఫలాలే. వాటిని ఎంత సేపైనా చూడవచ్చు గాని, నిపుణులు పక్కన లేకుండా కోసి తినే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: మావారికి ఏటా ఈ నెలల్లో మనసు కుంగిపోతుంది. రోజంతా నిద్ర, దేని మీదా ఆసక్తి ఉండదు. ఇలా నడకకు తీసుకెళ్తే కుదుటపడతారా?

సమాధానం: తీసుకెళ్లండి, కాని దానితో సరిపెట్టకండి. ఏటా ఒకే కాలంలో వచ్చి, వసంతానికి తగ్గే ఈ కుంగుబాటును 1984లో మనోవైద్యుడు నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు వివరించారు. వైద్యులు దీన్ని నిజమైన జబ్బుగానే చూస్తారు. అతినిద్ర, తీపి, పిండి పదార్థాల మీద విపరీతమైన కోరిక, బరువు పెరగడం దీని లక్షణాల్లో కొన్ని. ఉదయంపూట సుమారు అరగంట సేపు 10,000 లక్స్ దీపం ముందు కూర్చోబెట్టడం ఇందుకు వాడుకలో ఉన్న చికిత్స, అయితే అది కూడా వైద్యుల సలహా మీదే జరగాలి. ప్రకృతి అందంగా ఉందని నాచును చూపించి ఒప్పించాలని ప్రయత్నిస్తే, ఆనందించలేకపోవడం కూడా తన తప్పేనని ఆయన అనుకునే ప్రమాదం ఉంది. ముందు వైద్యులను కలవండి. నడక ఉదయంపూట పెట్టుకోండి, దారిలో మాటలు ఆయన ఇష్టానికే వదిలేయండి.

ప్రశ్న: ఉద్యోగం ముగించుకుని బయటపడేసరికి చీకటి పడుతుంది. మాలాంటివారికి ఇందులో ఏం మిగులుతుంది?

సమాధానం: సెలవు రోజు ఎలాగూ ఉంది. మామూలు రోజుల్లో మీకు అందేది సంధ్యవేళ కొసన మిగిలే వెలుతురు మాత్రమే, కాని దానికి దాని పద్ధతి ఉంది. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపును ముందు పోగొట్టుకుంటుంది. నీలం, ఆకుపచ్చ ఇంకొంతసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దపు తొలి పాదంలో చెక్ శాస్త్రవేత్త జాన్ పుర్కిన్యే దీన్ని గమనించి రాశాడు. పగలు అందరి కళ్లనూ లాగిన ఎర్రని ఆకులు ఆ వేళ నల్లబడిపోతే, వాటి పక్కనున్న గడ్డి, సతతహరిత పొదలు వాటికన్నా వెలుగుగా కనిపిస్తాయి. ఇది చూడాలంటే వీధి దీపాలకు దూరంగా ఉన్న చోటు కావాలి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగించినా ఆ అలవాటు చాలావరకు పోయి, మళ్లీ మొదటినుంచి వేచి ఉండవలసి వస్తుంది కాబట్టి దాన్ని జేబులోనే ఉంచండి.