గింజల విశ్లేషణ మొదలుపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నూనెగింజల పోషక విలువల మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషించాను. ముందు ఏ యంత్రం నేర్చుకోవాలి బాబాయ్ అని అడిగావు. యంత్రాల మీద చెయ్యి తిరగడానికి ఎంతో కాలం పట్టదు. నా పట్టింపల్లా వేరే విషయం మీద. గింజ ఏ స్థితిలో ఉండగా, ఏ పద్ధతిలో ఆ అంకె వచ్చిందో దాని పక్కనే రాసి ఉండాలి. అది లేని అంకెను ఇంకొకరి అంకెతో పోల్చి చూడలేం.

తేమతో మొదలుపెట్టు. రెండు వేరుశనగ రకాలు నీ ముందుకు వచ్చాయనుకో. ఒకదానిలో నూనె 48 శాతం, రెండోదానిలో 46.5. మొదటిదే మేలని రాసేయాలనిపిస్తుంది. కానీ మొదటిదానిలో తేమ 4 శాతం, రెండోదానిలో 7 శాతం ఉంటే, తేమ తీసేసిన బరువు మీద లెక్కకట్టి చూడు: రెండింటిలోనూ నూనె 50 శాతమే! అందుకే నూనె తీసే రోజునే, అదే పొడిలోంచి తేమ కూడా చూడాలి. పోయిన వారం చూసిన తేమ పనికిరాదు.

నూనెగింజలకు 103 డిగ్రీల ఓవెన్ మామూలే కానీ, అవిసెలతో జాగ్రత్త. వాటి నూనెలో సగానికి అటూ ఇటూగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. ఆ నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని బరువెక్కుతుంది. నీరు పోయి తగ్గిన బరువును అది కొంత పూడ్చేస్తుంది కాబట్టి తేమ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. లోపలి గాలిని తీసేసే వాక్యూమ్ ఓవెన్ ఉంటే వీటిని అందులోనే ఆరబెట్టు.

ఇక పొడి చేయడం. అందరూ చిన్నచూపు చూసే పని ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. ధాన్యాన్ని తిప్పినట్టు ఆపకుండా తిప్పితే నూనెగింజ వేడెక్కి ముద్దవుతుంది. గిన్నె గోడలకు, బ్లేడు కిందికి నూనె చేరిపోతుంది. నువ్వు గీకి తీసుకున్న ముద్దలో అప్పటికే కొంత నూనె తగ్గి ఉంటుంది. గింజలను ముందే చల్లబరుచు, కొన్ని సెకన్లు తిప్పి ఆపు, గోడలకు అంటినదంతా గీకి కలుపు, మళ్ళీ తిప్పు. ఆ పొడిని థింబుల్‌లో (నూనె తీసేటప్పుడు పొడి ఉంచే మందపాటి కాగితపు గొట్టంలో) వేశాక కూడా పని అయిపోయినట్టు కాదు. ద్రావకంతో నూనెను లాగే సాక్స్‌లెట్ పరికరంలో నాలుగు గంటలు నడిచాక పిప్పిని బయటికి తీసి, ద్రావకం ఆరనిచ్చి, మెత్తగా నూరి, ఇంకో రెండు గంటలు పెట్టు. పగలని కణాల్లో చిక్కుకున్న నూనె అప్పుడు దిగుతుంది. దాన్ని తయారుచేసిన సాక్స్‌లెట్ 1879లో ఆ పరికరం గురించి రాసింది పాలలోని కొవ్వును తూచే సందర్భంలో. గట్టి గింజ సంగతి మనమే చూసుకోవాలి మరి.

మాంసకృత్తుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. జెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త 1883లో కోపెన్‌హేగన్‌లోని ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో రూపొందించిన పద్ధతి కొలిచేది నత్రజనిని మాత్రమే. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం ఉంటుందనుకుని దాన్ని 6.25తో హెచ్చిస్తాం. కానీ అన్ని గింజలకూ అది సరిపోదు: వేరుశనగకు వాడవలసిన గుణకం 5.46, నువ్వులకు 5.30, సోయాకు 5.71, వరికి 5.95. వేరుశనగలో నత్రజని 4.8 శాతం వచ్చిందనుకో. 6.25తో హెచ్చిస్తే 30, 5.46తో అయితే 26.2. ఆ 3.8 ఎక్కడికి పోతుందో తెలుసా? నేరుగా ఫలితాల పట్టికలోని పిండిపదార్థాల గడిలోకి. ఆ గడిని మనం కొలవం కదా, నూటిలోంచి మిగతావన్నీ తీసేసి మిగిలింది రాస్తాం. తేమలో, నూనెలో, బూడిదలో (గింజను కాల్చగా మిగిలే ఖనిజాల్లో) చేసిన పొరపాట్లన్నీ చివరికి అక్కడే పోగవుతాయి. నూనెగింజల్లో ఆ గడి అంకె అసలే చిన్నది, అందుకే దాన్ని చూసి గొప్ప నిర్ధారణలకు పోవద్దు. నత్రజని ఉన్నదల్లా మాంసకృత్తు కాదని 2008లో చైనా పాలపొడిలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపినప్పుడు లోకమంతా చూసింది.

అమైనో ఆమ్లాల గురించి ఒక్క మాట. మాంసకృత్తును అమైనో ఆమ్లాలుగా విడగొట్టడానికి ఆమ్లంతో జలవిశ్లేషణ చేస్తే, వాటిలో ఒకటైన ట్రిప్టోఫాన్ నాశనమవుతుంది. దానికి క్షారంతో విడిగా చెయ్యాలి. అలా చెయ్యకుండా ఆ గడిలో సున్నా వెయ్యకు.

ఖనిజాల విషయానికొస్తే, నువ్వులు పొట్టుతో తీసుకున్నావా, పొట్టు తీసినవా అన్నది తప్పకుండా రాయి. పొట్టుతో ఉన్న 100 గ్రాముల నువ్వుల్లో కాల్షియం 900 మిల్లీగ్రాములు దాటవచ్చు. పొట్టు తీస్తే అందులో చాలా భాగం పోతుంది. పోయేదాంట్లో ఎక్కువ ఆక్సలేట్‌తో కట్టుబడి ఉన్నదే, ఒంటికి పెద్దగా పట్టదు. గింజల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం కూడా ఇనుమును, జింకును అలాగే పట్టి ఉంచుతుంది. గింజలో ఎంత ఉందన్నదే బూడిద చెబుతుంది. అందులో ఒంటికి ఎంత పడుతుందో తేల్చడానికి వేరే ప్రయోగం కావాలి, దాన్ని బూడిద అంకెలతో కలిపి రాయకు.

ఆముదం గింజలు కూడా నీ జాబితాలో ఉన్నాయన్నావు. నూనెలో భయం లేదు కానీ పిప్పిలో రిసిన్ అనే విషపు మాంసకృత్తు మిగిలిపోతుంది. పొడి గాలిలోకి లేవకుండా గాలిని బయటికి లాగే హుడ్ కిందే నూరు, చేతి తొడుగులు, మాస్కు తీయకు. ఆముదానికి విడిగా ఒక మిల్లు అడిగి పెట్టించుకో. ఇవ్వకపోతే, ఆముదం నూరిన మిల్లును పూర్తిగా విప్పి కడిగాకే వేరుశనగకు వాడు.

మీ బాబాయి