మూడో వరస ఎక్కి చూశాకే అడ్వాన్సు కట్టు

అమ్మణ్ణీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఏడు సీట్ల బండి కొంటోందంట రా, హైబ్రిడ్డో ఏందో" అని చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల సొంత సంపాదనతో బండి కొని, తానే తోలుకుంటుందంటే మీ నాన్న ఉంటే కావలి ట్రంకురోడ్డంతా తిరిగి చెప్పుకునేవాడు. నేనూ ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాలే. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు ట్రావెల్స్ నడిపినవాణ్ణి, క్వాలిస్ కాలం నుంచి క్రిస్టా దాకా తిప్పినవాణ్ణి, చెప్పకుండా ఊరుకోలేను.

రంగు నీ ఇష్టం. లోను ఐదేళ్ళు దాటనీయొద్దు. రేటు అడిగితే లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి ఆన్ రోడ్ రేటే అడుగు.

అల్లుడు ఆడీ క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90 కూడా చూస్తున్నాడంట. మంచి బండ్లే, కాదనను. కానీ వాటిని హైబ్రిడ్ అంటే నువ్వు అనుకునే హైబ్రిడ్ కాదు. 48 వోల్టుల చిన్న బ్యాటరీ, ఇంజనుకు కాస్త చేయూత ఇస్తుంది, అంతే. ఇంజను ఆగి ఒట్టి కరెంటు మీద బండి నడవడం అందులో ఉండదు. ఇన్నోవా హైక్రాస్, దాని కవల మారుతి ఇన్విక్టో, వీటిల్లో ఉండేది అసలు హైబ్రిడ్, పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారూ ఉండి, కాసేపు ఒట్టి కరెంటు మీదే నడుస్తుంది. ఇంకోటి, ఆడీకి చిన్న లైటు వెలిగినా చెన్నై పోవాలి. పేషెంట్లను వదిలేసి నువ్వు సూళ్ళూరుపేట టోల్‌గేటు దగ్గర లైన్లో కూర్చుంటావా?

హైక్రాస్‌లో హైబ్రిడ్ కాని ఒట్టి పెట్రోలు రకం కూడా ఉంది. కంపెనీ కాగితం మీద పెట్రోలుకు లీటరుకు 16.13 కిలోమీటర్లు, హైబ్రిడ్‌కు 23.24. ఇది చూసి అందరూ పడిపోతారు. నువ్వు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతావనుకో. పెట్రోలు బండి 744 లీటర్లు తాగితే హైబ్రిడ్ 516 తాగుతుంది. లీటరు 110 రూపాయలు వేసుకున్నా మిగిలేది ఏడాదికి 25,000. రెండు బండ్ల రేటులో తేడా ఐదారు లక్షలు. ఇక ఆ డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో నువ్వే లెక్కేసుకో. నా బండ్లలాగా ఏడాదికి 60,000 తిరిగితే నాలుగైదేళ్ళలో తేడా రాబట్టుకోవచ్చు. నెల్లూరు ట్రాఫిక్‌లో, దర్గామిట్ట దగ్గర ఆగుతూ కదులుతూ పోయే చోట హైబ్రిడ్ ఇంకాస్త ఎక్కువ మిగులుస్తుంది, అది నిజం. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీకి చార్జి ఎక్కుతుంది గదా. అయినా నా మాట విను, మైలేజీ కోసమని హైబ్రిడ్ కొనొద్దు. చప్పుడు లేకుండా పోతుంది, మంచి సీట్లు ఆ మోడల్‌లోనే వస్తాయి, మోజు పడ్డాను మామయ్యా అను, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతా. బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, దాని గురించి టెన్షన్ వద్దు.

మూడో వరస సంగతి చెప్తా. షోరూంలో అందరూ స్టీరింగు ముందు కూర్చుని ఫొటో దిగుతారు. వెనక ఎక్కి చూసేవాడు ఉండడు. మీ అమ్మనూ మీ అత్తగారినీ వెంట తీసుకుపో. మీ అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నొప్పున్న మోకాలు లోపల పెట్టి, రెండో కాలు ఎత్తడానికి ఎక్కడ చెయ్యి వేస్తుందో చూడు. డోరు పైన పిడి అందక సీటు వీపు పట్టుకుందనుకో, అది వాళ్ళ సీటు కాదు. నడుమ విడివిడి సీట్లున్న ఏడు సీట్ల రకమైతే మధ్య సందులోంచి వెనక్కి పోవచ్చు. ఎనిమిది సీట్ల బెంచీ రకంలో బుడ్డోడి చైల్డ్ సీటు బిగించాక, వెనక్కి పోవాలంటే ప్రతిసారీ పేచీనే. నీ పెద్దకూతురు వెనక కూర్చుంటే దానికి వాంతులు, ఇప్పుడే చెప్తున్నా. మూడో వరస ఎత్తి పెట్టి డిక్కీ చూడు. తిరుపతి పోయే నలుగురి సంచులు పట్టకపోతే చివరికి ఒడిలో పెట్టుకునేది మీ అమ్మే.

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి.

నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు, కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. మీ నాన్న, నేను, మీ అమ్మ జొన్నవాడ అమ్మవారిని చూసుకుని ఆయన పాత డీజిలు బండిలో వస్తున్నాం. కోవూరు దాటకముందే కాలువ పొర్లి రోడ్డు మీదికొచ్చింది. ఎదురుగా ఒక లారీ దాటింది గదా, మనమూ దాటుతాం అన్నాడు బావ. లారీ వేరు, మన బండి వేరు అంటూనే ఉన్నా. నడిమధ్యలో బండి ఆగిపోయింది. దిగి తోద్దాం బావా అన్నాను. "ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టి చూస్తాలేరా" అన్నాడు. కొట్టాడు. లోపల టక్కుమని ఒక్క శబ్దం. అంతే, ఇంక తిరగలేదు.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవమ్మా. సిలిండర్లోకి నీళ్ళు పోయాక ఇంజను తిప్పితే పిస్టన్ పైకి రాలేదు, రాడ్డు వంగుతుంది. మర్నాడు కావలి షెడ్డులో మేస్త్రి కింద నట్టు విప్పితే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో కారింది. బావ తువాలు నెత్తిన వేసుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇన్సూరెన్సు వాళ్ళు, నీళ్ళలో ఆగడం ప్రమాదమే గానీ మళ్ళీ స్టార్ట్ చేయడం మీ తప్పు అని పైసా ఇవ్వలేదు. ఆ ఏడు నీకు కొంటానన్న స్కూటీ ఎందుకు రాలేదో నీకు ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లకు బండెందుకని నాన్న అనుకున్నాడని చాలా రోజులు మూతి ముడుచుకున్నావు. ఆ డబ్బే ఇంజనుకు పోయింది. నీతో చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు నువ్వే బండి కొంటున్నావు, ఒట్టు తీసి గట్టున పెట్టేశా.

2021 నవంబరులో పడుగుపాడు దగ్గర హైవే, రైలు కట్ట రెండూ తెగిపోవడం నువ్వూ చూశావు. అంత వరద అక్కర్లేదు, గట్టి వాన పడితే చాలు, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలుస్తాయి. ఎత్తు బండి గదా అని ధైర్యం చేయొద్దు. బండి ఎంత ఎత్తని కాదు, ఇంజను గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందో అడుగు. హైబ్రిడ్‌తో ఇంకో తిరకాసు ఉంది. 'రెడీ' లైటు వెలుగుతున్నంతసేపూ ఇంజను దానంతటదే స్టార్ట్ కావచ్చు, నువ్వు సెల్ఫ్ కొట్టే పని లేదు. అంటే మీ నాన్న చేసిన పని బండే చేస్తుంది. నీళ్ళలో ఆగితే ముందు పవర్ బటన్ నొక్కి ఆ లైటు ఆర్పు, తర్వాతే దిగు. నారింజ రంగు వైర్ల జోలికి నువ్వూ పోవద్దు, రోడ్డు పక్క మెకానిక్‌నీ పోనీయొద్దు. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ కట్టు, నీళ్ళు పోయి ఇంజను చెడితే ఆదుకునేది అదే. హైబ్రిడ్ భాగాలకు వర్తిస్తుందో లేదో రాసి ఇమ్మను.

ఇంటి ముందు రివర్స్ తీసేటప్పుడు పిల్లలు ఎక్కడున్నారో పిలిచి చూసుకో. కరెంటు మీద కదిలితే ఇంజను చప్పుడుండదు, వాళ్ళకు తెలియకపోవచ్చు. తిరుమల నుంచి దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టి ఆపేలా తక్కువ గేరులో వెయ్యి. బ్యాటరీ నిండాక ఇంజను గట్టిగా అరుస్తుంది, కంగారు పడొద్దు, బ్రేకులు కాపాడుతోందని అర్థం.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పెట్టుకో. పొద్దున్నే బస్సెక్కి వస్తా. నువ్వు తోలు, మీ అమ్మ నడుమ కూర్చుంటుంది, వెంకటాచలం దాకా పోయి వచ్చిందాకా మూడో వరసలో నేను కూర్చుంటా. నేను దిగి సరే అనేదాకా అల్లుణ్ణి చెక్కు మీద సంతకం పెట్టొద్దను.

మీ మామయ్య