రక్తంలో స్టాఫ్ ఇన్ఫెక్షన్: కొత్త మందు ఉండగా పాతదే ఎందుకు ఇస్తున్నారు?

రక్తం కల్చర్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వస్తే డాక్టర్లు ఇంకా సెఫజోలిన్ అనే పాత యాంటీబయాటిక్ ఎందుకు ఎక్కిస్తున్నారని అడిగారు. ఆ బ్యాక్టీరియా మెథిసిలిన్‌కు (పెన్సిలిన్ తరహా మందు) లొంగే రకమైతే సెఫజోలినే మేలు, వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ కన్నా కూడా. లొంగని రకం (ఎంఆర్‌ఎస్‌ఏ) అయితే వాంకోమైసిన్ లేదా డాప్టోమైసిన్ ఇస్తారు. రెండోదానితో ఒక చిక్కుంది: ఊపిరితిత్తుల లోపలి పొరపై ఉండే సర్ఫాక్టెంట్ అనే పదార్థం దాన్ని పనిచేయనివ్వదు, అందుకే న్యుమోనియాకు వాడరు.

ఇక కొత్త మందుల సంగతి. సెఫ్టోబిప్రోల్‌కు 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. ట్రయల్‌లో అది డాప్టోమైసిన్‌కు తీసిపోలేదు, అలాగని మించనూ లేదు. డాల్బావాన్సిన్ అనే మరో మందుతో లాభం వేరు: రక్తంలో బ్యాక్టీరియా పోయాక కొందరికి వారం తేడాతో రెండు డోసులు సరిపోవచ్చు, రోజూ ఐవీ టెన్షన్ ఉండదు.

నన్నడిగితే మందు పేరు కన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎకో (గుండె స్కాన్) తీశారా, ఇన్ఫెక్షనైన క్యాథెటర్ (ఒంట్లో పెట్టిన గొట్టం) మార్చారా, చీము తీశారా, కల్చర్ మళ్లీ పంపారా?