ఆ రాతి మొన బాణానిదేనా?

ప్రశ్న: ఉమ్మడి కర్నూలు జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో దొరికిన గోరంత రాతి పెచ్చులను బాణపు మొనలని చెబుతుంటారు. పుల్ల గానీ, వింటినారి గానీ మిగలనప్పుడు అవి కోతకు వాడిన కత్తి అంచులు కావని ఎలా తేలుస్తారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఆకారం ఒక్కటే చూసి తేల్చలేము. జ్వాలాపురంలో సుమారు 35 వేల ఏళ్ల నాటి నుంచి సూక్ష్మ శిలాయుధాలు వరుసగా లభించాయి. వాటిలో ఒక అంచును మొద్దుగా చెక్కిన పెచ్చులను పుల్ల కొసన మొనగానూ బిగించవచ్చు, కొయ్యపిడిలో పొదిగి కోతకూ వాడవచ్చు. అందుకే పరిశోధకులు అటువంటి రాతితోనే నమూనాలు చెక్కి, పుల్లలకు బిగించి, జంతు కళేబరాలపైకి వదిలి, ఏ పనికి రాయి ఎలా విరుగుతుందో పరిశీలిస్తారు. డెన్మార్క్ పరిశోధకులు 1984లో ప్రచురించిన ఇటువంటి ప్రయోగాలు తరువాతి వారికి ఆధారమయ్యాయి.

మొన ఎముకకు తగిలినప్పుడు దెబ్బ రాతి పొడవు వెంట సాగుతుంది కనుక, కొస దగ్గర మొదలైన విరుపు రాతి ముఖం మీదుగా కొంత దూరం పాకి, మెట్టు కట్టినట్టు ఉన్నట్టుండి ఆగిపోతుంది; విరిగిన ముక్కలు ఒకదానినొకటి ఒత్తుకోవడంతో మరికొన్ని సన్నని పెచ్చులు కూడా లేచిపోతాయి. కోతకు వాడిన రాతిలోనైతే అరుగుదల అంచు వెంబడే ఉంటుంది.

బిగింపునూ ఇలాగే పరీక్షించారు. దక్షిణాఫ్రికాలో పురావస్తు పరిశోధకురాలు లిన్ వాడ్లీ చేసిన ప్రయోగాలలో తుమ్మజాతి చెట్ల బంక ఒక్కటే వాడితే తేమకు పట్టు సడలింది. ఎర్రజాజు పొడి కలిపి నిప్పు సెగన ఆరబెడితే గట్టిగా నిలిచింది. తుమ్మబంకా జాజూ రెండూ ఎరిగిన మన సీమ కళాశాలల్లో ఈ ప్రయోగం చేయించాలని నా గట్టి కోరిక.

అయితే పశువులు తొక్కినా ఇటువంటి విరుపులు కొద్దిపాటిగా ఏర్పడతాయని ప్రయోగాలే చూపాయి. కాబట్టి ఒక్క ముక్కను పట్టుకుని తీర్పు చెప్పకూడదు; మొత్తం రాళ్లలో అటువంటివి ఎంత శాతమో లెక్కించాలి. ఆ లెక్క బలంగా ఉన్నా, దెబ్బ వింటి నుంచి వచ్చిందా, చేతితో విసిరిన ఈటె నుంచి వచ్చిందా అన్నది విరుపును బట్టి చెప్పడం కష్టం. జర్మనీలోని షోనింగెన్‌లో దొరికిన ఆదిమకాలపు కొయ్య ఈటెల నమూనాలను శిక్షణ పొందిన జావెలిన్ క్రీడాకారులు 20 మీటర్ల దూరంలోని గురికి తగిలేలా విసరగలిగారని 2019లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అంటే దూరం నుంచి వేటాడడానికి విల్లే ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ విరుపులున్న జ్వాలాపురం పెచ్చులను కూడా, ఇతర ఆధారం తోడయ్యే వరకు, బాణపు మొనలనక వేట ఆయుధాల మొనలనడమే సబబు.